హిలో పాఠశాలలో లైమను దంపతులు

అమెరికా దేశమున బోస్టను నగరము కేంద్రముగా 1810లో ఏర్పడిన విదేశ మిషను సంఘము దక్షిణాపథమునకు క్రొత్తది కాదు. ఆ సంఘమువారు 1813లో బొంబాయి చేరి మరాఠీ నేర్చుకొనిరి. 1831లో అహమ్మదునగరమునను, 1834లో నాయకరాజుల నాటినుండి తెలుగు వినబడుచున్న మధురలోను నెలకొనిరి. ఆ సంఘమే 1820లో పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయీ దీవులకును ఒక బృందమును పంపెను. మనదేశమున వారికి ఎదురైనవి బహుశతాబ్దముల వాఙ్మయముగల భాషలు. హవాయిలో ఎదురైనదో, పాటలును, వంశావళులును, దేవతల కథలును కంఠస్థముగా నిలుపుకొన్నదే కాని వ్రాతకెక్కని భాష. అట్టి భాషలో పాఠశాల పెట్టి, ఒకే యూరిలో అర్ధశతాబ్దము దాటి నిలిచి, యువకులకు చదువు చెప్పుచునే ముసలివారైన దంపతులు డేవిడ్ బెల్డెను లైమను, సారా జోయినరు లైమను.

హవాయి ప్రజలు బయటి ప్రపంచమునకు తెలియవచ్చినది 1778లో కెప్టెన్ కుక్కు ఓడలు అచ్చటికి చేరినపుడు. దీవులన్నింటిని ఒక్క రాజ్యముగా కూర్చిన కమెహమెహా 1819లో మరణించెను. ఆ యేడే ఆయన కుమారుడును, రాణి కాహుమానుయు కలిసి ‘కపు’ అను ప్రాచీన నిషేధవ్యవస్థను తొలగించిరి. స్త్రీలు పురుషులతో కూర్చుండి భుజింపరాదనునది ఆ నిషేధములలో నొకటి. గుడులు కూలినవి, విగ్రహములు కాలినవి. ఇదంతయు జరిగిన మరుసటి యేట మిషనరీల ఓడ తీరము చేరెను. పాతమతమును మిషనరీలే పడగొట్టిరని తరచుగా వినబడు మాట సరి కాదు. వారు వచ్చునాటికే ఆ స్థానము శూన్యముగ నుండెను.

1822లో హొనొలులులో హవాయీ భాషలో తొలి అచ్చుపుట వెలువడెను. అక్షరములెన్ని యుండవలెనను చర్చ నాలుగేండ్లు సాగి 1826లో ఐదచ్చులు, ఏడు హల్లులు, మొత్తము పండ్రెండు అక్షరములుగ తేలినది. అయిదు పదుల అక్షరములు దిద్దిన మనకు ఈ సంఖ్య వింతగొల్పును. ఇంకొక విశేషము తెలుగువారికి ప్రత్యేకముగ ప్రీతి కలిగించును: హవాయీ అజంత భాష. ఆ భాషలో హల్లుతో ముగియు మాట లేదు. పరదేశి నామములు సైతము వారి నోట చివర ఒక అచ్చును తెచ్చుకొనవలసినదే. లైమను వారికి ‘లైమన’ అయ్యెను. పండ్రెండక్షరముల లిపి నేర్చుటకు ఎక్కువ కాలము పట్టదు గావున 1820–30 దశకమున అక్షరాస్యత దీవులలో వేగముగ వ్యాపించెను. ఆ బడులలో కూర్చున్నవారు పిల్లలు కారు, పెద్దలు. నాయకులు, వారి పరిజనము, పొలమువారు, తాతలు, అవ్వలు పలకలు పట్టిరి. పదేండ్లు గడచుసరికి ఆ ఉత్సాహము చల్లారినది. ఒక పుస్తకము చదువుట వచ్చినవారికి తరువాత ఏమి నేర్పవలెనో, నేర్పుటకు ఉపాధ్యాయులెక్కడినుండి రావలెనో తెలియలేదు. లైమను దంపతులు వచ్చినది సరిగా ఆ సమయమున.

డేవిడ్ లైమను 1803లో కనెక్టికట్ రాష్ట్రమున జన్మించి, విలియమ్స్ కళాశాలలో పట్టము పొంది, ఆండోవరు వేదాంత విద్యాలయమున చదివినవాడు. సారా 1805లో వెర్మాంటు రాష్ట్రమున పుట్టినది. వారి వివాహము 1831 నవంబరు 3న జరిగెను. ఆ నెల 26న న్యూబెడ్‌ఫర్డు రేవున ఓడ యెక్కిరి. దూరదేశమునకు పోవు బోధకుడు గృహస్థుడై యుండవలెనని సంఘమువారి కోరిక. అందుచేత ఆనాడు అనేక వివాహములు ఇట్లే ప్రయాణపు తేదీనిబట్టి కుదిరినవి. క్రొత్త కాపురము మూడు వారములు నేలమీదను, సుమారు ఆఱు నెలలు నీటిమీదను గడచినది. దక్షిణ అమెరికా కొనను చుట్టి 1832 మే 17న వారు హొనొలులు చేరిరి. అచ్చటినుండి వారిని పెద్దదీవి తూర్పు తీరమందలి హిలోకు పంపిరి.

హిలోలో ఏటికి 120 అంగుళములకు మించి వాన కురియును. వెనుక మౌనా కియా, మౌనా లోవా పర్వతములు. రెండవది నిప్పులు గ్రక్కు కొండ. దక్షిణమున కిలావియా అగ్నిగుండము. ఎదుట అర్ధచంద్రాకారపు అఖాతము. గడ్డిగోడల యిండ్లలో తేమకు దుస్తులు, పుస్తకములు బూజుపట్టు చోట ఆ దంపతులు మొదటి యేండ్లు గడపిరి. 1839లో కట్టుకొన్న కొయ్యయిల్లు నేటికిని నిలిచియున్నది. 1931లో అది వస్తుప్రదర్శనశాలగా మారినది. కోవా అను స్థానిక వృక్షపు కలప దాని నేలకు వేసిరి.

హిలో పేరు మిషను చరిత్రలలో మ్రోగినది లైమను వలన కాదు, ఆయన సహచరుడు టైటస్ కోవను వలన. 1835లో భార్య ఫిడీలియాతో హిలో చేరిన కోవను గొప్ప వక్త, అలుపెరుగని పాదచారి. 1837–38లో ఆయన ప్రసంగములకు జనము తండోపతండములుగ వచ్చి హిలోలో గుడిసెలు వేసికొని నిలిచిరి. ఆ సందడి నడుమనే 1837 నవంబరు 7న దూరపు చిలీ భూకంపమువలన లేచిన ఉప్పెన తీరమును ముంచెను. ఇండ్లు కొట్టుకొనిపోయినవి, కొందరు మరణించిరి, రేవునందున్న ఒక తిమింగల నౌకవారు కొందరిని పడవలలో రక్షించిరి. 1838 జూలై 1న కోవను ఒక్కదినమున 1,705 మందికి బాప్తిస్మమిచ్చెను. తెలుగునాట ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ 1878 జూలై 3న 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఘట్టము పెక్కుమందికి తెలిసినదే. క్లౌ వేరొక సంఘమునకు చెందినవాడు. అచ్చట ముందున్నది ధాతుకరువు, ఇచ్చట ఉప్పెన. రెండు సందర్భములందును పెద్ద విపత్తును, పెద్ద జనసమూహమును ఒకదాని ప్రక్క నొకటి కనబడుచున్నవి. ఇది కారణకార్య సంబంధమా కాదా యని తీర్పు చెప్పుటకు ఈ పోలిక ఒక్కటి చాలదు. అయితే సంఖ్యలు చరిత్ర పుటలకెక్కును, బడిగంటలు ఎక్కవు. కోవను ఊరూర తిరుగుచుండగా లైమను ఒకచోట కూర్చుండి లెక్కలు చెప్పుచుండెను.

హిలో వసతిపాఠశాల 1836లో ఎనిమిదిమంది బాలురతో తెరువబడెను. శామ్యూలు డే విశాఖపట్టణమున అడుగుపెట్టి అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషనుకు పునాది వేసినదియు ఆ యేడే. హిలో బడి ఉద్దేశము స్పష్టము. మావీ దీవియందు 1831లో నెలకొన్న లహైనాలూనా విద్యాలయము ఉపాధ్యాయులను తయారుచేయు ఉన్నతపాఠశాల. దానికి తగిన యువకులను సిద్ధపఱచి పంపుట, పంపబడనివారిని పల్లెబడులకు ఉపాధ్యాయులుగ తీర్చుట హిలో బడి పని. వ్రాత, గణితము, భూగోళము, బైబిలు పాఠములు. సంగీతము సారా చూచుకొనుచుండెను. స్వరములనుబట్టి పాడుట ఆమె యువకులకు నేర్పెను. పురాతన కాలమునుండి మేళముతోను నృత్యముతోను పాడుట యెరిగిన జాతికి ఆమె క్రొత్తగా ఇచ్చినది పాట కాదు, అనేక కంఠములు వేర్వేరు స్వరములు పట్టి ఏకకాలమున పాడు పద్ధతి.

బడికి జీతము కట్టుటకు విద్యార్థుల చేతిలో పైకము లేదు. సంఘము పంపు సొమ్ము చాలదు. అందుచేత తమ తిండి తామే పండించుకొనుట విద్యలో భాగమయ్యెను. దినమునకు కొన్ని గంటలు విద్యార్థులు పొలమున నిలిచి పనిచేసిరి. అక్కడి ముఖ్యాహారము ‘కలో’. అది మన చేమదుంప జాతిది. మనకు చేమదుంప పులుసులోనికో వేపుడులోనికో పనికివచ్చు కూర. వారికి అదియే అన్నము. ఉడికించి, రాతిరోకటితో దంచి, నీరు కలిపి ‘పోయీ’ అను ముద్దగా చేసి భుజింతురు. కలో నాటుట, కలుపు తీయుట, దంచుట విద్యార్థుల దినచర్య. దీనికి ఆ విద్యార్థులు క్రొత్తగ అలవాటు పడవలసినది లేదు. వారి తాతలనాటి వ్యవసాయమే అది. లైమను చేసినదల్లా దానిని పాఠశాల కాలపట్టికలో చేర్చుట. పని చేయుచు చదువు నేర్చుట అను ఈ పద్ధతిని బిడ్డల శ్రమను వాడుకొనుటగా నేడు కొందరు భావింతురు. ఆ శంక అసంగతము కాదు. కాని ఆ శ్రమఫలము అమ్మకమునకు పోక, ముఖ్యముగ వారి కంచములోనికే వచ్చెనన్నది మరువరాదు.

1853లో పాఠశాల అగ్నికి ఆహుతియైనది. అప్పటికి లైమనుకు ఏబదియేండ్లు. అన్నియు వదలి స్వదేశమునకు పోవుటకు అంతకుమించిన మిష దొరకదు. ఆయన పోలేదు; 1856 నాటికి క్రొత్త భవనము లేచినది.

బోధనభాషను గూర్చి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. లైమను పాఠశాలలో చదువు ప్రధానముగ హవాయీ భాషలోనే సాగెను. దీవులందలి సామాన్య పాఠశాలలన్నియు అప్పుడు అట్లే యుండెను. 1839 నాటికి బైబిలు సంపూర్ణముగ ఆ భాషలోనికి వచ్చెను. గణిత, భూగోళ గ్రంథములును, పిమ్మట వార్తాపత్రికలును వచ్చినవి. అయితే ఆ మిషనరీలే తమ కన్నబిడ్డల విషయమున వేరొక త్రోవ పట్టిరి. దేశీయ బాలురతో కూడి ఆడి ఆ భాష పలికినచో తమ బిడ్డలు చెడుదురని తొలి మిషనరీలు పెక్కురు భయపడిరి. వారి బిడ్డల కొఱకు 1841లో హొనొలులు చెంత పునహౌలో ప్రత్యేక పాఠశాల వెలసినది. ఇతరుల పిల్లలకు ఇతరుల భాష, తమ పిల్లలకు తమ భాష అనుట ఒకవిధముగ న్యాయముగనే తోచును. కాని ఆ రెండు బడులలో చదివినవారే యాబదియేండ్లకు పిదప ఒకరికొకరు ఎదురు నిలిచిరి. ఒక గోడకు ఆవలివైపు పెరిగినవారికి ఈవలివైపు వినబడు మాట కేవలము పనివాండ్ర మాటగా తోచుట అసహజము కాదు.

లైమను దంపతుల కుమారుల నామములు గమనింపదగినవి. ఒకనికి డేవిడ్ బ్రెయినర్డు, ఒకనికి రూఫస్ ఆండర్సను. రెండును మిషను చరిత్రలో ప్రసిద్ధములైన పేర్లు. మఱియొకడు ఫ్రెడరిక్ స్వార్ట్జ్ లైమను. ఈ పేరు చూడగనే 1798లో తంజావూరిలో మరణించిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్ స్మృతికి వచ్చుట సహజము. శరభోజి మహారాజు గురుభావముతో కొలిచి, పాలరాతి స్మారకచిహ్నము చెక్కించినది ఆయనకే. ష్వార్ట్జ్ బ్రహ్మచారి. తంజావూరి బ్రహ్మచారి పేరు హిలో గృహస్థుని యింట వినబడుట విచిత్రముగ నున్నది.

ఆ యేండ్లలో దీవుల జనులకు కలిగిన నష్టము తలచుకొనిననే భయము వేయును. 1831–32 నాటి మిషనరీల గణనలో జనులు సుమారు 1,30,000. 1853 నాటి గణనలో విదేశీయులతో కలిపియే సుమారు 73,000. 1848–49లో తట్టు, కోరింతదగ్గు, జ్వరములు, 1853లో మశూచి. ఈ రోగములన్నియు ఓడలమీద వచ్చినవి. లైమను ఎవరిని ఉపాధ్యాయులుగ తీర్చుచుండెనో ఆ వయసువారు, వారు ఎవరికి చదువు చెప్పవలసియుండెనో ఆ పిల్లలు చాలమంది కాలము చేసిరి. పాఠశాల పెరుగుచుండగా దాని వెనుకనున్న జాతి తరుగుచుండెను. 1848లో భూములు విభజింపబడి, 1850లో విదేశీయులకు భూమి కొను హక్కు లభించెను. చెఱకుతోటలు విస్తరించినవి. మృతులైన జనుల చోట చీనా, జపాను దేశముల కూలీలు దిగిరి.

సారా లైమను చరిత్రకు ఇచ్చిన గొప్ప దానము సంగీతము కాదు. 1833 నుండి ఆమె భూమి కదలినప్పుడెల్ల తేదీ వ్రాసియుంచెను. కొన్ని సందర్భములందు ఎంత గట్టిగ కదలినదో, ఏమి పడిపోయినదో కూడ చేర్చెను. భూకంపమాపక యంత్రములు ఆ దీవులలో ఇంకను లేని కాలమది. ఆమె ఏ శాస్త్రసభకును చెందినది కాదు. ఆ పని ఎవ్వరును ఆమెకు ఒప్పగించలేదు. వంట, బిడ్డలు, విద్యార్థుల పాటలు, అతిథులు, వానలు, ఇన్నింటి నడుమ ఒక చిన్న వాక్యము వ్రాయుట ఆమెకు అలవాటయ్యెను. 1885లో ఆమె మరణించిన తరువాతను ఇంటివారు 1917 వరకు దానిని కొనసాగించిరి. ఎనుబదినాలుగేండ్ల ఆ పట్టికను అమెరికా భూగర్భ సర్వేవారు 1992లో ప్రచురించిరి. యంత్రములు పుట్టకముందటి హవాయీ భూకంపములను లెక్కించు శాస్త్రజ్ఞులకు అది ముఖ్యాధారములలో నొకటి.

ఆ పట్టికలో అన్నింటికంటె పెద్దది 1868 ఏప్రిలు 2 నాటి భూకంపము. మార్చి చివరనుండి చిన్న కుదుపులు ఎడతెగక వచ్చుచుండెను. ఆనాటి సాయంకాలము వచ్చినదాని ప్రమాణము సుమారు 7.9 అని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. హవాయిలో నమోదైనవాటిలో అదే పెద్దది. కావూ జిల్లాలో బురదకొండ విఱిగి 31 మందిని కప్పివేసెను. వెంటనే వచ్చిన ఉప్పెన 46 మందిని తీసికొనిపోయెను. ఫ్రెడరిక్ లైమను అప్పుడు కుటుంబముతో కావూలోనే యుండెను. నిలువలేక నేలమీద కూర్చుండి, చేతులు కాళ్ళు నాల్గుదిక్కులకు ఊని, దొర్లిపోకుండ ఆపుకొనవలసివచ్చెనని ఆయన వ్రాసిన వృత్తాంతము ఆ భూకంపమునకు ప్రత్యక్షసాక్ష్యము. ఇటు హిలోలో తల్లి తేదీ వ్రాయుచు కుమారుని క్షేమవార్తకై ఎదురుచూచుచుండెను.

పనిచేయుచు చదువుకొను హిలో పద్ధతి సముద్రము దాటినది. శామ్యూలు ఆర్మ్‌స్ట్రాంగు 1839లో మావీ దీవిలో మిషనరీ యింట పుట్టెను. తండ్రి దీవుల విద్యాశాఖకు మంత్రియైనవాడు. లహైనాలూనా విద్యార్థులు చదువులో మెఱసినను, చేతిపని నేర్చిన హిలో విద్యార్థులు జీవితమున స్థిరముగ నిలిచిరని ఆయనకు తోచెను. అమెరికా అంతర్యుద్ధమున సైనికాధికారియై, పిమ్మట దాస్యవిముక్తులైన నీగ్రోల కొఱకు 1868లో వర్జీనియా రాష్ట్రమున హాంప్టను విద్యాలయమును హిలో నమూనాపై నెలకొల్పెను. అచ్చట చదివిన బుకర్ వాషింగ్టను 1881లో టస్కీగీ పాఠశాలను ప్రారంభించెను. చేతిపనికి ఉన్నతవిద్యను బలిచేయుట తగదని డుబోయిస్ 1903లో విమర్శించెను. ఆ విమర్శలో బలము కలదు. ఒక దీవిలో పొట్ట నింపుకొనుటకు పుట్టిన ఏర్పాటు మఱియొక దేశమున సిద్ధాంతమైనపుడు ఇట్టి చిక్కులు వచ్చుచుండును. లైమను ఏ సిద్ధాంతమును ప్రతిపాదింపలేదు. ఆయన కలో నాటించెను.

డెబ్బదియేండ్లు సమీపించువరకు లైమను పాఠశాల భారము మోసెను. చివరి దినములలో ఆ వృద్ధదంపతులకు మఱియొక అగ్నిపరీక్ష కలిగెను. 1880 నవంబరులో మౌనా లోవానుండి వెడలిన లావా నెలలతరబడి మెల్లగ ప్రాకుచు 1881 నాటికి హిలో పొలిమేర చేరెను. పట్టణమున క్రైస్తవులు ఉపవాసప్రార్థనలు చేసిరి. రాజవంశపు రూత్ కియెలికొలని స్వయముగ వచ్చి, లావా యంచున నిలిచి, అగ్నిదేవత పెలేకు పూర్వాచారము ప్రకారము నైవేద్యములర్పించెను. ఆగస్టులో లావా ఆగెను. ఎవరి మొఱ ఆలకింపబడినదని ఇరుపక్షములవారు తమ తమ లెక్కలు చెప్పుకొనిరి. ఆ రాజకుమారి ఆంగ్లము వచ్చియు పలుకదు. విదేశీయులు ఆమెతో మాటాడవలెనన్న హవాయీ పలుకవలె, లేదా దుబాసీని తెచ్చుకొనవలె.

డేవిడ్ లైమను 1884 అక్టోబరులో, సారా 1885 డిసెంబరులో కన్నుమూసిరి.

లైమను బడిలో చదివి, లహైనాలూనాకు పోయి, తిరిగివచ్చి ఆ బడిలోనే కొంతకాలము చదువు చెప్పినవారిలో జోసెఫ్ నావహీ ఒకడు. 1842లో జన్మించెను. న్యాయవాది, చిత్రకారుడు, 1872 నుండి శాసనసభ్యుడు. 1892లో కొలది దినములు విదేశాంగమంత్రి. 1893 జనవరిలో లిలియుఒకలాని రాణిని పదవీచ్యుతురాలిని చేసినవారిలో ముందు నిలిచిన థర్‌స్టను మిషనరీల మనుమడు. పిమ్మట అధ్యక్షుడైన డోలు మిషనరీ కుమారుడు. ఇద్దఱును పునహౌలో చదివినవారు. వారికి ఎదురు నిలిచినవారిలో హిలో బడి నావహీ ముఖ్యుడు. 1894 చివర రాజద్రోహము మోపి ఆయనను చెఱలో నుంచిరి. విచారణలో నిర్దోషిగ విడుదలయ్యెను. చెఱలో పట్టిన క్షయ వదలలేదు. 1895లో భార్య ఎమ్మాతో కలిసి ‘కె అలోహ ఐనా’ అను హవాయీ పత్రికను స్థాపించెను. దేశభక్తి యని ఆ మాటకు అర్థము. 1896 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించెను. విలీనమును నిరాకరించుచు 1897లో జనులు సంతకములు చేసిన మహజరులకై ఎమ్మా హిలోలో తిరిగి జనమును కూడగట్టెను. 1898లో దీవులు అమెరికాలో చేర్చబడినవి.

నావహీ మరణించిన 1896లోనే క్రొత్త ప్రభుత్వము శాసనము చేసెను: పాఠశాలగా గుర్తింపు పొందవలెనన్న బోధనభాష ఆంగ్లమే కావలె. లైమను అఱువదియేండ్లకు ముందు తెఱచిన తలుపు అట్లు మూతపడెను. పత్రికలు కొంతకాలము సాగినవి. తరువాత అవియు ఆగినవి. ఇంట పెద్దలు పలికిన మాట బడిలో దండనకు గురియైన కాలమున పుట్టినవారు తమ బిడ్డలతో ఆంగ్లమే పలికిరి. 1980 దశకము వచ్చుసరికి ఆ భాషను పుట్టుకతో నేర్చిన పిల్లలు నీహౌ అను చిన్నదీవి వెలుపల వేళ్ళమీద లెక్కించదగినంతమంది.

1978లో రాష్ట్రరాజ్యాంగమున హవాయీకి అధికారభాషా స్థానము లభించెను. 1983లో కొందరు ఉపాధ్యాయులు ‘పూనన లెయో’ అను సంస్థను స్థాపించిరి. పలుకుల గూడు అని అర్థము. బోధనను నిషేధించిన శాసనపు కట్టు 1986లో సడలినది. మరుసటి యేట హిలో పట్టణమున కియౌకహా పాఠశాలలో హవాయీ మాధ్యమతరగతి తెఱచిరి. హిలో విశ్వవిద్యాలయమందలి హవాయీ భాషా కళాశాలకు ఆంగ్లము పలుకనొల్లని రూత్ కియెలికొలని పేరు పెట్టిరి. హిలోకు కొలదిమైళ్ళ దూరమున కియావులో శిశుతరగతినుండి ఉన్నతపాఠశాల వరకు హవాయీలోనే చదువు చెప్పు బడి 1994లో ఆరంభమైనది. 1999లో దానినుండి మొదటి విద్యార్థులు చదువు ముగించి వెలువడిరి. ఆ బడి పేరు నావహీ. అచ్చట పిల్లలు కలోతోట వేసి, తామే పెంచి, దంచుకొందురు.